క్రేజీ టాక్సీలో ‘సి’ లైసెన్సు దాటలేకపోతున్నాను: ముందు మెళకువలు నేర్చుకోవాలా, దారులు నేర్చుకోవాలా?

ప్రశ్న: నయీంనగర్ విద్యార్థి

సభ్యులందరికీ నమస్కారం. నేను హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాలుగు నెలలుగా రాత్రి భోజనం ముగిసిన తరువాత ఒక గంటసేపు కంప్యూటరులో క్రేజీ టాక్సీ ఆడుతున్నాను. సేగా సంస్థ ఈ ఆటను 1999లో ఆటశాలల్లో డబ్బు వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాలకు, 2000లో తన ఇంటి ఆట యంత్రమైన డ్రీమ్‌కాస్ట్‌కు తెచ్చింది కాబట్టి వయసులో అది నాకంటే పెద్దది. అయినా ఆ తరువాత వచ్చిన కార్ల ఆటల్లో ఏదీ నన్ను ఇంతగా పట్టుకోలేదు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. సముద్రపు ఒడ్డున, ఎత్తుపల్లాల మీద కట్టిన ఒక అమెరికా నగరంలో పసుపుపచ్చ టాక్సీ నడపాలి. రోడ్డు పక్కన నిలబడి పిలిచే వారిని ఎక్కించుకొని, వారి గడువు తీరకముందే చెప్పిన చోట దించాలి. తెర మీద రెండు గడియారాలు నడుస్తూ ఉంటాయి: ఒకటి మొత్తం ఆటది, రెండవది వెనుక కూర్చున్న ప్రయాణికుడిది. ఆట ముగిశాక సంపాదించిన డబ్బును బట్టి ఇ, డి, సి, బి, ఎ, ఎస్, ఆపైన ఆసమ్, అన్నిటికంటే పైన క్రేజీ అనే లైసెన్సులు వస్తాయి. నేను సి దగ్గర ఆగిపోయి ఇప్పటికి ఆరు వారాలు.

నిన్న రాత్రి జరిగినది చెప్పితే నా ఇబ్బంది మీకు అర్థమవుతుంది. మంచి సమయంతో ఒక దూరపు ప్రయాణికుడిని ఎక్కించుకున్నాను. తెర పైన దారి చూపే ఆకుపచ్చ బాణం నేరుగా చూపిస్తున్నది. వాలు దిగి పూర్తి వేగంతో కూడలిలోకి వచ్చేసరికి బాణం ఒక్కసారిగా కుడికి తిరిగింది, నేను తిరిగేలోపల కూడలి దాటిపోయింది. బ్రేకు వేసి, వెనక్కి వచ్చి, ట్రాము కింద పడబోయి తప్పించుకొని సరైన వీధి పట్టుకున్నాను. గమ్యం చుట్టూ గీసిన గడి కనబడుతున్న సమయంలో గడువు తీరిపోయి, అతడు బండిలో నుండి దూకి వెళ్ళిపోయాడు. అంత దూరం నడిపిన దానికి ఒక్క డాలరు రాలేదు.

మరో రెండు విషయాలున్నాయి. మొదటిది, అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి; ఇక్కడ రోజూ స్కూటీ నడిపే నేను, తొందరలో ఉన్నప్పుడు తెలియకుండానే ఎడమకు జరిగి ఎదురుగా వచ్చే బస్సులను గుద్దుతున్నాను. రెండవది, కీబోర్డులో పైబాణం, ఎడమబాణం మీటలు నొక్కిపెట్టి గేరు మీట నొక్కితే, పదిసార్లలో నాలుగైదు సార్లు గేరు పడడం లేదు. స్నేహితులు మాత్రం ‘డ్యాష్ (బండిని ఒక్కసారిగా ముందుకు దూకించే మెళకువ) నేర్చుకో, అన్నీ అవే వస్తాయి’ అంటున్నారు. ముందుగా ఏది నేర్చుకోవాలో, అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: కరీంనగర్ పాత ఆటగాడు

మీ స్నేహితులు చెప్పినది నిజమే. డ్యాష్ రాకుండా ఈ ఆట ఆడడమంటే మొదటి గేరులోనే ఊరంతా తిరగడం లాంటిది. అది చేసే విధానం చెబుతాను. ఆక్సిలరేటరు మీద నుండి వేలు పూర్తిగా తీసివేయండి. గేరును ఒకసారి రివర్సులోకి వేసి, వెంటనే ముందుకు వేయండి. ముందుకు వేసే గేరూ ఆక్సిలరేటరూ ఒకే క్షణంలో పడాలి. సరిగా పడితే చక్రాల వెనుక పొగ లేచి, బండి విల్లు విడిచిన బాణంలా దూసుకుపోతుంది. వేలు ముందు పడినా, గేరు ముందు పడినా బండి మామూలుగానే కదులుతుంది. కొత్తవారు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే, ఆక్సిలరేటరును పూర్తిగా వదలకుండా గేరు మార్చడం.

ఇది ఒక్కసారి కాదు, ఆట మొత్తంలో ప్రతి ప్రయాణికుడిని ఎక్కించుకున్న తరువాతా, దించిన తరువాతా, దేనినైనా గుద్దుకొని ఆగిన తరువాతా చేయవలసిన పని. ఒక్కొక్క చోట ఒకటి రెండు సెకన్లు మిగిలినా, అవన్నీ కలిస్తే ఇంకొక ప్రయాణికుడు దొరుకుతాడు. ఇదే మెళకువను చక్రం తిప్పి ఉంచి, వేగంలో ఉండగా చేస్తే అది డ్రిఫ్టు, అంటే బండి పక్కకు జారుతూ తిరగడం, అవుతుంది. ఇంటి యంత్రాల కోసం వచ్చిన ఆటలో క్రేజీ బాక్స్ అనే చిన్న పరీక్షల విభాగం ఉంది. బుడగలు పగలగొట్టడం, పెద్ద పెద్ద బౌలింగ్ పిన్నులను టాక్సీతో పడగొట్టడం వంటివి చూసి అవి పిల్లల ఆటలని చాలామంది వదిలేస్తారు. నేను మొదటి నెల అవి తప్ప వేరే ఏమీ ఆడలేదు, ఎందుకంటే ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క మెళకువను విడదీసి నేర్పడానికే ఉన్నది.

ఇక డబ్బు సంగతి. కిరాయి ఒక్కటే మీ సంపాదన అనుకుంటే సి దగ్గరే ఉంటారు. ఇతర వాహనాలకు ఆనుకున్నంత దగ్గరగా తాకకుండా దూసుకుపోతే, గాలిలోకి లేస్తే, డ్రిఫ్టు చేస్తే వెనుక కూర్చున్నవారు బక్షీసు ఇస్తారు. తప్పు లేకుండా వరుసగా చేసిన కొద్దీ అది పెరుగుతూ పోతుంది, ఎక్కడైనా గుద్దితే వరుస తెగి మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి మీరు బస్సును గుద్దిన ప్రతిసారీ పోయేది సమయం మాత్రమే కాదు.

ప్రయాణికుల రంగులు కూడా గమనించండి. ఎరుపు అంటే చాలా దగ్గర, ఆకుపచ్చ అంటే చాలా దూరం, నారింజ, పసుపు రంగులు ఆ మధ్యవి. మీ స్థాయిలో ఉన్నవారు ఆకుపచ్చ వారి వెంట పడకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే దూరపు సవారీలో ఒక్క మలుపు తప్పినా నిన్న మీకు జరిగినట్లు మొత్తం పోతుంది.

జవాబు 2: కాజీపేట ఆటో

తమ్ముడూ, నేను కాజీపేట స్టేషను అడ్డా మీద ఇరవై రెండేళ్ళుగా ఆటో నడుపుతున్నాను. ఈ ఆట మా అబ్బాయి కంప్యూటరులో ఉంది, ఆదివారం పూట నేనూ ఆడతాను, ఎ లైసెన్సు చాలాసార్లు తెచ్చుకున్నాను. కరీంనగర్ అన్న చెప్పిన డ్యాష్ నాకు ఈ రోజుకీ పది సార్లలో ఆరు సార్లే పడుతుంది. అయినా నేను నీకంటే రెండు మెట్లు పైన ఉన్నానంటే, దానికి కారణం ఆ ఊరు నాకు తెలియడం.

నీ నిన్నటి ఆటలో తప్పు వేళ్ళది కాదు. నువ్వు బాణాన్ని చూసి నడిపావు. బాణం తిరిగిన తరువాత తిరగాలనుకునేవాడు ప్రతి కూడలిలోనూ ఆలస్యంగానే తిరుగుతాడు. ప్రయాణికుడు ఎక్కి, ఎక్కడికో చెప్పిన మరుక్షణం దారి మొత్తం నీ కళ్ళ ముందు కదలాలి. బాణం ఉన్నది నీ లెక్క సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మాత్రమే.

ఇది నేను ఆటలో నేర్చుకున్నది కాదు. ఆటో కొన్న కొత్తలో ఒకనాడు తెల్లవారుజామున రైలు దిగిన ఒక కుటుంబం వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి పోవాలని ఎక్కింది. ముసలాయనకు ఊపిరి ఆడడం లేదు, ఆయన భార్య కొంగుతో విసురుతూ కూర్చున్నది. నాకు తెలిసిన దారి ఒక్కటే, ఎన్‌ఐటీ, సుబేదారి, అదాలత్ మీదుగా హన్మకొండ చౌరస్తా, అక్కడి నుండి ములుగు రోడ్డు. చౌరస్తా దగ్గరికి పోయేసరికి రోడ్డు తవ్వి ఉన్నది. అదాలత్ దగ్గరే హంటర్ రోడ్డు పట్టుకొని ఉంటే వరంగల్ వైపు తేలికగా తేలేవాడిని, కానీ అప్పటికి ఆ దారిలో నేను ఒక్కసారి కూడా నడపలేదు. గల్లీల్లో అడుగుతూ అడుగుతూ చేర్చాను. ఆయన బతికాడు, వారం తరువాత వాళ్ళే అడ్డా మీదికి వచ్చి చెప్పిపోయారు. అయినా ఆ వారమంతా గిరాకీ లేని మధ్యాహ్నాల్లో, నా సొంత పెట్రోలు పోసుకొని, ఊరులోని ప్రతి పెద్ద రోడ్డునూ రెండు వైపుల నుండీ తిరిగాను.

లండన్‌లో నల్ల టాక్సీ నడపాలంటే ఇట్లాంటి చదువే చదవాలని మా అమ్మాయి ఒకసారి చదివి వినిపించింది. దానిని అక్కడ నాలెడ్జ్ అంటారు, 1865 నుండి ఉన్నది. లండన్ నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళ లోపల ఉన్న దాదాపు 25,000 వీధులు, వాటిని కలిపే 320 దారులు మనసులో ఉండాలి, చాలామందికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. మొదటి దారి మేనర్ హౌస్ స్టేషను నుండి గిబ్సన్ స్క్వేర్‌కు. నేర్చుకునేవారు చిన్న మోటారు సైకిలు మీద, హ్యాండిలుకు పటం బిగించుకొని ఒక్కొక్క దారినీ తిరిగి చూస్తారు. ఇంటికి వచ్చాక జతగాడి ఎదుట కూర్చొని ‘ఇక్కడ ఎడమకు, అక్కడ కుడికి, ఆ వీధిలో ముందుకు’ అని దారిని నోటితో అప్పజెప్తారు. పరీక్షల్లో ముఖ్యమైనవి కూడా నోటితోనే. ఆ డ్రైవర్ల మెదడును ఎలినార్ మగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం స్కానింగ్‌తో పరిశీలించి, దారులను గుర్తుపెట్టుకోవడంలో పాలుపంచుకునే హిప్పోక్యాంపస్ అనే భాగంలో వెనుక వైపు మామూలువారికంటే పెద్దగా ఉన్నదని 2000లో ప్రకటించింది.

నువ్వు కూడా ఆ నోటిపాఠమే మొదలుపెట్టు. ఆటలో పది నిమిషాల పద్ధతి ఉంటుంది చూడు, దానిలో ఆట సమయం పెరగదు, సరిగ్గా పది నిమిషాలకు ముగుస్తుంది. డబ్బు సంగతి మరిచిపోయి, బయలుదేరిన చోటు నుండి ఒకే ఒక్క గమ్యానికి పోయే దారి నిమ్మళంగా తిరుగు. కంప్యూటరు బందు చేసిన తరువాత ఆ దారిని నోటితో చెప్పు. తడబడిన చోట నీకు ఊరు తెలియనట్టు. రేపు మళ్ళీ అదే దారి, ఈసారి గమ్యం నుండి వెనక్కి. వారానికి నాలుగు దారులు వచ్చినా చాలు.

జవాబు 3: నక్కలగుట్ట కంప్యూటరు మరమ్మతు

పై ఇద్దరి చర్చలోకి నేను పోవడం లేదు. మీరు అడిగిన మూడు మీటల సమస్యకు మాత్రమే సమాధానం చెబుతాను, ఎందుకంటే అది సరిచేయకుండా డ్యాష్ సాధన చేస్తే తప్పు మీదో కీబోర్డుదో మీకే తెలియదు.

సాధారణ కీబోర్డులో ప్రతి మీటకూ విడి తీగ ఉండదు. మీటలన్నీ అడ్డ వరుసలు, నిలువు వరుసలు కలిసే చోట్ల ఉంటాయి. ఏ అడ్డ తీగ ఏ నిలువు తీగను తాకిందో చూసి లోపలి చిప్పు మీటను గుర్తిస్తుంది. ఒక చదరపు గడికి మూడు మూలల్లో ఉన్న మీటలను ఒకేసారి నొక్కితే, కరెంటు చుట్టు తిరిగి పోయి, నాలుగవ మూల మీట కూడా నొక్కినట్లే చిప్పుకు కనబడుతుంది. లేని మీటను నొక్కినట్లు చూపించకూడదు కాబట్టి, చవక కీబోర్డులు ఆ మూడవ మీటను కూడా వదిలేస్తాయి. ఖరీదైన వాటిలో ప్రతి మీట కింద కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి ఉండి ఈ చుట్టు తిరుగుడును ఆపుతుంది. పైబాణం, ఎడమబాణం, మీ గేరు మీట, ఈ మూడూ మీ కీబోర్డులో అట్లాంటి మూలల్లోనే ఉన్నాయని నా అనుమానం.

కొత్తది కొనే ముందు ఒక పరీక్ష చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్ మీటలనూ నొక్కిపెట్టి, ఆంగ్ల అక్షరాలన్నీ ఎ నుండి జెడ్ వరకు వరుసగా కొట్టండి. చవక రకమైతే కొన్ని అక్షరాలు అసలు పడకపోవచ్చు. మీది ఏ రకం కీబోర్డో దీనితో తేలుతుంది. తరువాత ఆట అమరికల్లో గేరును వేరే వేరే మీటలకు మార్చి చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మీటలను చాలా కీబోర్డుల్లో విడి తీగల మీద పెడతారు కాబట్టి, గేరుకు వాటిలో ఒకటి తీసుకుంటే పైసా ఖర్చు లేకుండా పని జరగవచ్చు. తీగ ఉన్న గేమ్‌ప్యాడు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ ఆట పుట్టిందే చక్రం, పెడళ్ళ కోసం. మీరు టీవీకి కలిపి ఆడుతున్నట్లయితే దానిలో గేమ్ మోడ్ పెట్టడం మరువకండి. లేకపోతే మీరు నొక్కిన దానికీ తెర మీద బండి కదలడానికీ మధ్య తేడా వస్తుంది, డ్యాష్ లాంటి క్షణాల లెక్క అక్కడే తప్పుతుంది.

జవాబు 4: కరీంనగర్ పాత ఆటగాడు

కాజీపేట అన్న మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. దారి మొత్తం నోటికి వచ్చినవాడు కూడా డ్యాష్ లేకుండా ఎస్ దాటడం నేను చూడలేదు. అయితే ఆయన చెప్పిన తరువాత నా పాత ఆటలను గుర్తు చేసుకుంటే, నేను సి నుండి బి కి వెళ్ళిన నెలలో కొత్త మెళకువ ఏదీ నేర్చుకోలేదన్నది నిజమే. మొదటి వాలు కింద ఎవరు ఎక్కడ నిలబడతారో, వాళ్ళలో ఎవరిని దించిన చోట మళ్ళీ గిరాకీ దొరుకుతుందో అప్పటికి నాకు తెలిసిపోయింది. కాబట్టి రంగుల గురించి ముందు చెప్పిన దానికి ఒక సవరణ చేస్తున్నాను. కిరాయి ఎంత అన్నది కాకుండా, ఆ ప్రయాణికుడు మిమ్మల్ని ఎక్కడ వదిలిపోతాడన్నది చూడండి.

ఇంకొక హెచ్చరిక. దారులు నేర్చుకోవడానికి పాత వీడియోలు చూసేవారు పేర్లను నమ్ముకోకూడదు. మొదటి ఆటలో పిజ్జా హట్, కేఎఫ్‌సీ, టవర్ రికార్డ్స్ వంటి నిజమైన దుకాణాలు గమ్యాలుగా ఉండేవి. 2010లో, ఆ తరువాత వచ్చిన విడుదలల్లో ఆ పేర్లను తీసివేసి, అవే కట్టడాలకు సాధారణమైన పేర్లు పెట్టారు. ఊరు మాత్రం అదే. కట్టడం ఎక్కడున్నదో గుర్తుపెట్టుకుంటే ఏ వీడియో అయినా పనికివస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: నయీంనగర్ విద్యార్థి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే చెప్పినవి చేసి చూడకుండా రాయడం సరి కాదనిపించింది.

మరమ్మతు అన్న చెప్పిన పరీక్ష చేశాను. రెండు షిఫ్టులూ నొక్కిపెట్టి కొడితే ఆరు అక్షరాలు పడలేదు. గేరును ఎడమ కంట్రోలుకు మార్చిన తరువాత మూడు మీటల ఇబ్బంది పూర్తిగా పోయింది. ఇన్ని రోజులు నా చేతిని నేను నిందించుకున్నాను. డ్యాష్ ఇప్పుడు పదిసార్లలో ఏడుసార్లు పడుతున్నది.

దారులు మాత్రం మొదట కష్టంగా అనిపించాయి. నోటితో చెప్పడం మొదలుపెట్టిన మొదటి రాత్రి మూడవ మలుపు తరువాత నాకు ఏమీ గుర్తు రాలేదు, నాలుగు నెలలుగా అదే దారిలో తిరుగుతున్నా సరే. ఇప్పుడు ఏడు దారులు వచ్చాయి. అమ్మ వంటింట్లో పని చేసుకుంటుంటే ఆమెకే అప్పజెప్తున్నాను, తప్పు ఎక్కడో ఆమెకు తెలియదు కానీ నేను ఆగిపోతే ‘తరువాత?’ అని అడుగుతుంది. మొన్న రాత్రి ఎరుపు, నారింజ ప్రయాణికులతో మొదలుపెట్టి, ఒకరిని దించిన చోటే మరొకరిని ఎక్కించుకుంటూ, బాణం వైపు చాలా తక్కువగా చూసి మొదటిసారి బి లైసెన్సు తెచ్చుకున్నాను.

ఒక్క చోట మాత్రం ఇంకా చిక్కు తీరలేదు. సముద్రం వైపు దిగే వాలు చివర రోడ్డు రెండుగా చీలుతుంది. అక్కడికి రాగానే, నెమ్మదిగా నడిపినప్పుడు సరిగానే కుడివైపు ఉంటాను, వేగంలో ఉంటే ప్రతిసారీ ఎడమకు జరిగి ఎదురు బండిని గుద్దుతున్నాను. కాజీపేట అన్నా, దీనికి మీరేమైనా ఉపాయం చెప్పగలరా?

జవాబు 5: కాజీపేట ఆటో

సంతోషం తమ్ముడూ. అమ్మకు అప్పజెప్పడం మానకు.

ఆ చీలిక నాకు తెలుసు, నేనూ అక్కడ చాలా గుద్దాను. మన అడ్డా మీద మాకు పటంలో లేని పేర్లు చాలా ఉంటాయి. ఫాతిమానగర్ దాటాక ఒక మలుపును మేము వేపచెట్టు మలుపు అంటాము, చెట్టు కొట్టేసి పదేళ్ళయినా పేరు పోలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు ‘వేపచెట్టు దగ్గర గుంత ఉన్నది, ముందే బ్రేకు కొట్టు’ అని చెబితే చాలు, వాళ్ళ కాలు తనంత తానే బ్రేకు మీదికి పోతుంది. పేరు లేని చోటును మనసు ముందుగా పట్టుకోలేదు, అక్కడికి పోయాకే గుర్తిస్తుంది.

నువ్వు ఆ చీలికకు ఒక పేరు పెట్టు, దానికంటే ముందు కనిపించే ఏదైనా గుర్తును చూసుకో. నాకయితే వాలు మొదట్లో ట్రాము పట్టాలు అడ్డం వస్తాయి. పట్టాలు దాటగానే నోటితో ‘కుడి’ అని గట్టిగా అంటాను, చీలిక కనబడే వరకు ఆగను. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి వైపు రోడ్డు నిండిపోతుందని తెలిసినవాడు చౌరస్తా దాకా వచ్చి ఆలోచించడు, సుబేదారిలోనే దారి మార్చుకుంటాడు కదా, ఇదీ అంతే. పది నిమిషాల పద్ధతిలో ఆ ఒక్క వాలునే ఇరవై సార్లు దిగు, ఇరవై సార్లూ ఆ మాట పైకి అను.

ప్రశ్న అడిగినవారి జవాబు: నయీంనగర్ విద్యార్థి

అన్నా, ఈ రాత్రి ఇరవై రెండు సార్లు దిగాను. మొదటి తొమ్మిది సార్లలో ఆరుసార్లు గుద్దాను, చివరి పదిసార్లలో ఒక్కసారే. నాకు పట్టాలకంటే ముందు ఎడమ పక్కన ఉన్న ఎత్తయిన గోడ బాగా కనబడుతున్నది, కాబట్టి దానినే గుర్తుగా పెట్టుకున్నాను. మా ఇంటి దగ్గర నాలా పక్కన అట్లాంటి గోడే ఒకటి ఉన్నది. ఆ చీలికకు నాలా గోడ అని పేరు పెట్టాను. రేపటి నుండి ఎనిమిదవ దారి మొదలుపెడతాను, అది ఆ గోడ మీదుగానే పోతుంది.